మొక్కను చూపించిన మనిషి పేరు ఎక్కడ రాయాలి?

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో వృక్షశాస్త్ర విభాగాలు నడుపుతున్న ఆచార్యులకు, వ్యవసాయ పరిశోధన స్థానాల అధిపతులకు నమస్కారం.

నేను ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో 24 ఏళ్ళుగా బోటనీ చెబుతున్నాను. ఈ జూన్‌లో మా హెర్బేరియం బీరువా, అంటే ఎండబెట్టి కాగితాలకి అతికించిన మొక్కలు దాచే బీరువా, దులిపి, పురుగు పట్టిన షీట్లు వేరు చేస్తుంటే నేను ఎం.ఫిల్. చేసే రోజుల నాటి డూప్లికేట్ షీటు ఒకటి చేతికొచ్చింది. 1999 ఆగస్టులో నల్లమలలో తీసిన సెరోపీజియా తీగ. కుడివైపు కింద లేబుల్ మీద అన్నీ ఉన్నాయి. శాస్త్రీయ నామం, కుటుంబం, చోటు, తేదీ, నేల ఎలాంటిదో, పువ్వు ఏ రంగో. ‘సేకరించినవారు’ అన్న చోట మా గైడ్ సార్ ఇనీషియల్స్, పక్కన నా పేరు, నంబరు.

ఆ తీగని మేమిద్దరం చూడలేదు. దాన్ని దాటుకుని పది అడుగులు ముందుకు వెళ్ళిపోయాం. మాతో దారి చూపడానికి వచ్చిన చెంచు పెద్దాయన వెనక నుంచి పిలిచి, మోకాలెత్తు గడ్డిలో దారంలాంటి కాడని వేలితో పైకెత్తి చూపించారు. దాని గడ్డ పిల్లలు తింటారని, వానలు పడ్డాక కొన్ని వారాలే పైకి కనిపిస్తుందని, ఆ తర్వాత ఎక్కడ తవ్వాలో గుర్తుంటేనే దొరుకుతుందని చెప్పారు. పేరు కూడా చెప్పారు. ఆ పేరు మేం ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాం. చెప్పింది తెలుగులో, విన్నది తెలుగువాళ్ళం, రాసింది మాత్రం ఇంగ్లీషు లిపిలో. ఇవాళ ఆ లేబుల్ చదివితే పేరు మొదటి సగంలో ఉన్న డీ అక్షరం ‘ద’ అయి ఉంటుందా ‘డ’ అయి ఉంటుందా, ఎల్ అక్షరం ‘ల’ నా ‘ళ’ నా నాకే తెలియడం లేదు. చివరి మాట ‘గడ్డ’ అని నాకు తెలుసు, ఎందుకంటే గడ్డని నేను చూశాను. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పరిశోధకుడు దాన్ని ‘గద్ద’ అని చదివితే తప్పు పట్టలేం.

ఆ పెద్దాయన పేరు మేం అడగనేలేదు. రెండు రోజులు మాతో నడిచారు. మా నీళ్ళ డబ్బాలు మోశారు. సాయంత్రం కూలి ఇచ్చి పంపేశాం. నా థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో ఆచార్యులున్నారు, లైబ్రేరియన్ ఉన్నారు, టైపు చేసినాయన ఉన్నారు. ఆయన లేరు.

ఇది నేను చేసిన తప్పు. నాకంటే ముందు రెండు వందల ఏళ్ళుగా మన శాస్త్రంలో జరుగుతున్నదే నేనూ చేశాను. అది ఇకనైనా ఆగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తెలుగు నేల మీద ఆధునిక వృక్షశాస్త్రం ఎక్కడ మొదలైందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈస్టిండియా కంపెనీ సర్జన్ విలియం రాక్స్‌బర్గ్ 1780లలో సామర్లకోటలో ఉండి తోట పెంచాడు, చుట్టుపక్కల మొక్కలన్నీ వర్ణించాడు. 1795 నుంచి లండన్‌లో అచ్చయిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో 300 చిత్రఫలకాలున్నాయి. చాలా మొక్కలకి తెలింగలు, అంటే తెలుగువాళ్ళు, ఏమంటారో రాశాడు. ఆ మర్యాద ఆయనకి ఉంది, కాదనను. కానీ ఆ పేర్లు చెప్పిన తెలింగలు ఎవరు? ఆ బొమ్మలు గీసింది మన చిత్రకారులు. కేసరాలు లెక్కపెట్టి, కాయని అడ్డంగా కోసి చూసి మరీ వేశారు. రాక్స్‌బర్గ్ సేకరించిన అలాంటి చిత్రాలు రెండున్నర వేలకు పైగా లండన్‌లోని క్యూ తోటల్లోనూ కలకత్తాలోనూ భద్రంగా ఉన్నాయి. గీసినవాళ్ళ పేర్లు దాదాపుగా ఎక్కడా లేవు.

సోమిద చెట్టు సంగతి చూడండి. దాని బెరడు జ్వరానికి పనికొస్తుందని మనవాళ్ళకి తెలుసు. రాక్స్‌బర్గ్ ఆ సంగతి విని, మలేరియా జ్వరానికి వాడే సింకోనా బెరడుకి బదులుగా వాడొచ్చని కంపెనీకి చెప్పాడు. తర్వాత ఒక ఫ్రెంచ్ శాస్త్రవేత్త తెలుగు పేరునే ప్రజాతి పేరుగా చేసి ‘సోయ్‌మిడా’ అన్నాడు. ఇవాళ దాని పూర్తి పేరు సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. మొదటి సగం మన మాట. రెండో సగం అర్థం జ్వరం పోగొట్టేది అని, ఆ విషయమూ మన దగ్గర విన్నదే. దాని చివర సంక్షిప్తంగా రాసే, నామకరణం చేసినవారి పేర్లు మాత్రం యూరప్ వాళ్ళవి. ఈ పేరు క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లలు ఒక్కసారి తలెత్తి చూస్తారు. తమ ఊరి మాట శాస్త్రంలో ఉందని తెలిస్తే వాళ్ళు కూర్చునే తీరే మారిపోతుంది. అది నేను కళ్ళారా చూశాను.

నేను మిమ్మల్ని అడిగే మొదటి పని చాలా చిన్నది. హెర్బేరియం లేబుల్ మీద ‘సేకరించినవారు’ కింద ఇంకొక్క గీత గీయండి. ‘చూపించినవారు’ అని రాయండి. స్థానిక నామం తెలుగు లిపిలో, ఏ ఊళ్ళో ఎవరు అలా అంటారో దానితో సహా రాయండి. గోండీ, సవర, కోయ మాటలైతే తెలుగు లిపిలో పలికినట్టు రాసి, ఏ భాషో పక్కన పెట్టండి. లేబుల్ సైజు పెరుగుతుందని ఒక సమావేశంలో ఒకాయన అన్నారు. అర అంగుళం పెరుగుతుంది. అంతే.

అయితే పేరు రాయడానికి ముందు అడగాలి. కొందరు తమ పేరు వద్దంటారు. కొన్ని మందులు బయటపెట్టొద్దంటారు. ఆ మాట వినడం కూడా ఈ పనిలో భాగమే. 1987లో కేరళ అగస్త్యమల కొండల్లో పరిశోధకులు అలసిపోయి కూలబడితే, వెంట వచ్చిన కాణీ గిరిజనులు ఏవో కాయలు నములుతూ చురుగ్గా నడుస్తున్నారు. అడిగితే మొదట చెప్పలేదు. తర్వాత చూపించారు. అదే ఆరోగ్యపచ్చ. ఆ మొక్క శాస్త్రానికి కొత్తదేం కాదు, పద్దెనిమిదో శతాబ్దంలోనే పేరు పెట్టిన ట్రైకోపస్. కానీ దాని విలువ హెర్బేరియం షీట్లకి తెలియదు, కాణీలకి తెలుసు. పాలోడ్‌లోని ఉష్ణమండల వృక్షోద్యానం దాని నుంచి ‘జీవని’ అనే మందు చేసి, లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణీలకు ఇచ్చేలా ఒప్పందం చేసుకుంది. అందరినీ అడగలేదని కాణీల్లోనే కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయినా దేశంలో జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది, వీళ్ళు అంతకుముందే పంచుకున్నారు. మనం చట్టం వచ్చిన ఇన్నేళ్ళకి కూడా ఒక ఊరి మొక్కలూ జంతువులూ, వాటి గురించి ఊరివాళ్ళకి తెలిసిందీ రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ నింపమంటే, ఇద్దరు విద్యార్థుల్ని పంపి రెండు రోజుల్లో నింపి తెచ్చేస్తున్నాం. ఆ రిజిస్టర్ ఒక కాపీ ఆ ఊళ్ళో చదివి వినిపించిన విభాగం ఏదైనా ఉంటే దయచేసి నాకు చెప్పండి, మా పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తాను.

అడవి వదిలి పొలానికి వద్దాం. ఇది వ్యవసాయ పరిశోధన స్థానాల వారికి.

1970లో గుజరాత్‌లోని సూరత్‌లో ప్రపంచంలోనే మొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తి హెచ్-4 విడుదలైంది. దాన్ని తయారుచేసిన సి.టి. పటేల్ గారి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉంది, ఉండాలి కూడా. కానీ ఆ హైబ్రిడ్ విత్తనం ఎలా తయారవుతుంది? మధ్యాహ్నం దాటాక, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని వెతికి, లోపలి అండాశయానికి గోరు తగలకుండా ఆకర్షణ పత్రాల్నీ కేసరాల్నీ ఒలిచేయాలి. మర్నాడు పొద్దున ఇంకో వరసలోని మగ రకం పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. ఒక్క కేసరం మిగిలినా ఆ కాయ చెడినట్టే. ఆ పనిని పొలాల్లో ‘క్రాసింగ్’ అంటారు. చేసేది ఆడవాళ్ళు. మా జిల్లాలో నేను చూసినంత మేరకు వాళ్ళలో ఎక్కువమంది దళిత, బీసీ కుటుంబాల వాళ్ళు. విత్తన పొలాల్లో ఒకప్పుడు బడికి వెళ్ళాల్సిన ఆడపిల్లల చేత కూడా ఈ పని చేయించారు. ఆ గాయం నంద్యాల, పాలమూరు వైపు వాళ్ళకి బాగా తెలుసు.

పరిశోధన స్థానాల్లో కూడా ఇదే. వరి మళ్ళలో కేళీలు, అంటే కలిసిపోయిన వేరే రకం మొక్కలు, తీయడానికి దిగే ఆమెకి, రకం లక్షణాల చార్టు చేతిలో పట్టుకున్న నా విద్యార్థికంటే ముందు తేడా కనిపిస్తుంది. ఒక మడిలో నాలుగు మొక్కలు వేరుగా ఉన్నాయని ఆమె చెప్పినప్పుడు మా వాడు నమ్మలేదు. వెన్ను తీశాక గింజ చూసి నమ్మాడు. నేను అక్కడే ఉన్నాను. ఇలాంటి చూపుకి ఇరవై ఏళ్ళు పడుతుంది. దానికి మనం ఇస్తున్నది రోజు కూలి.

కొత్త వంగడం విడుదల చేసేటప్పుడు శాస్త్రవేత్తల జాబితా ఉంటుంది. సహకరించిన సాంకేతిక సిబ్బంది పేర్లు కూడా కొన్నిసార్లు ఉంటాయి. ఆ పత్రంలో క్రాసింగ్ చేసినవాళ్ళ, కేళీలు తీసినవాళ్ళ పేర్లు కూడా పెట్టండి. ఫీల్డ్ డే రోజు స్టేజీ ముందు వాళ్ళకి కుర్చీలు వేయండి. ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవాళ్ళకి నైపుణ్య ధ్రువపత్రం ఇచ్చి, నైపుణ్యానికి తగ్గ వేతనం కట్టండి. డబ్బు విషయం మీ చేతిలో లేదంటారు, కొంతవరకు నిజమే. పేరు రాయడం మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉంది.

చదువులేని ఆడవాళ్ళకి శాస్త్రం ఏం తెలుసని ఇప్పటికీ అనేవాళ్ళకి జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ వెళ్ళమని చెబుతాను. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, వాళ్ళలో చాలామంది దళితులు, జొన్న, కొర్ర, సామ, పప్పుల పాత రకాలన్నీ ఇళ్ళల్లో దాచి సాగు చేస్తున్నారు. బుట్టకి మట్టి అలికి, విత్తనంలో బూడిద, వేపాకు కలిపి నిల్వ చేస్తారు. సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని పాత పంటల జాతర చేస్తారు. 2008 నుంచి సొంతంగా సంగం రేడియో నడుపుతున్నారు. 2019లో ఆ సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మన విశ్వవిద్యాలయాల జన్యువనరుల కోర్సులో వాళ్ళ చేత ఒక్క క్లాసు చెప్పించడానికి ఏం అడ్డం?

ఇక మన గదుల లోపలి సంగతి.

ఎమ్మెస్సీలో ఉన్నప్పుడు నాకు నల్లమల వెళ్ళడానికి నాన్నగారి సంతకంతో ఉత్తరం కావాలన్నారు. తెచ్చాను. తెచ్చాక, అబ్బాయిలు రాత్రి అటవీ బంగళాలో ఉంటారు, అమ్మాయిలు సాయంత్రం బస్సులో తిరిగి రావాలన్నారు. అబ్బాయిలు నలభై అడవి షీట్లు తెచ్చారు. మేం రోడ్డు పక్కన దొరికినవి, తర్వాత క్యాంపస్‌లోని జిల్లేడు, ఉమ్మెత్త, తలంబ్రాల చెట్టు తీసుకుని నలభై పూర్తి చేశాం. మార్కులు దాన్ని బట్టే పడ్డాయి. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అమ్మాయిలం ఎవరమూ నీళ్ళు తాగలేదు. బాత్రూం ఎక్కడుంటుందో తెలియదు కాబట్టి. ఇప్పుడు నా విద్యార్థినులు కూడా ఫీల్డ్ ట్రిప్ రోజు నీళ్ళు తాగడం లేదని గమనించినప్పుడు నాకు ఏడుపొచ్చింది. పాతికేళ్ళు గడిచాయి. ఒక టార్పాలిన్, నాలుగు కర్రలు, బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో ముందే చెప్పే ఒక కాగితం, వెంట ఒక మహిళా అధ్యాపకురాలు. ఇవి లేకుండా ట్రిప్ అనుమతి మీద సంతకం పెట్టకండి. భద్రత పేరుతో ఆడపిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టడం సులువు. భద్రంగా తీసుకెళ్ళి తీసుకురావడమే మన ఉద్యోగం.

మన ఇళ్ళ గోడల మీద పాకే కాగితపు పూల తీగ బోగన్‌విల్లా శాస్త్రానికి తెలిసింది 1766లో బయల్దేరిన ఒక ఫ్రెంచ్ ఓడ యాత్రలో. వృక్షశాస్త్రవేత్త కొమెర్సోఁ వెంట సహాయకుడిగా వెళ్ళిన మనిషి నిజానికి జాన్ బారె అనే స్త్రీ. ఆడవాళ్ళని నౌకాదళ ఓడ ఎక్కనివ్వరు కాబట్టి మగవేషం వేసుకుంది. ఆయన ఆరోగ్యం బాగాలేనప్పుడు బరువులు మోసి కొండలెక్కి మొక్కలు తెచ్చింది ఆమే. కొమెర్సోఁ పేరు డజన్లకొద్దీ మొక్కలకుంది. ఆమె పేరుతో ఒక మొక్క నిలబడడానికి 2012 దాకా పట్టింది. సొలానమ్ బారెటియే, మన వంకాయ ప్రజాతిలోదే. రెండున్నర శతాబ్దాలు ఆగకుండా ఉంటే బాగుండేది.

భాష గురించి ఒక్క సంఘటన చెబుతాను. గిరిజన గురుకులంలో చదివి వచ్చిన ఒక అబ్బాయి ఆకు నలిపి వాసన చూసి అరవై మొక్కలు చెప్పగలడు. ప్రాక్టికల్ పరీక్షకి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక కొమ్మ ఇచ్చి ఫైలోటాక్సీ, అంటే కొమ్మ మీద ఆకులు అమరిన తీరు, ఏమిటని అడిగారు. వాడు కొమ్మని తిప్పి చూసి, “రెండేసి ఎదురెదురుగా వచ్చినయ్ సార్, పై జత కింద జతకి అడ్డంగా ఉంది” అన్నాడు. అంతకంటే కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఆయనకి కావలసిన రెండు ఇంగ్లీషు మాటలు రాలేదని సున్నా వేశారు. తెలుగు అకాడమీ పుస్తకంలోని ‘పత్రవిన్యాసం’ కూడా వాడికి పరాయి మాటే. వాడి మాట అర్థమయ్యాక మార్కు వేయడానికి అభ్యంతరం ఏముంటుంది? ఇంగ్లీషు పదం తర్వాత వారంలో నేర్పొచ్చు. ఆ చూపు నేర్పలేం. వాడు పీజీకి అప్లై చేయలేదు. ఎన్నిసార్లు చెప్పినా, “వద్దు మేడం, టెన్షన్ వస్తది” అన్నాడు.

రంగుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. మైక్రోస్కోపు కింద చూసే కాండం కోతకి మనం సాఫ్రనిన్, ఫాస్ట్ గ్రీన్ అనే రంగులు వేస్తాం. నీళ్ళు మోసే దారువు ఎరుపు, మిగతాది పచ్చ. ఎరుపుకీ పచ్చకీ తేడా కనిపించని పిల్లలు ప్రతి కొన్ని బ్యాచ్‌లకీ ఒకరైనా ఉంటారు. నా క్లాసులో ఒకడు మూడేళ్ళు పక్కవాడి బొమ్మ చూసి వేసి, చివరికి పట్టుబడినప్పుడు కాపీ కొట్టాడని తిట్లు తిన్నాడు. తిట్టింది నేనే. తర్వాత తెలిసింది. ఇప్పుడు ఒక్క రంగే వేసి, గోడ మందాన్ని బట్టి కణజాలం గుర్తుపట్టడం కూడా అందరికీ నేర్పుతున్నాను. ప్రొజెక్టర్ మీద చూపే ఫ్లోరెసెన్స్ చిత్రాల్లో ఎరుపు బదులు మెజెంటా పెడుతున్నాను. ఖర్చేమీ లేదు.

గర్భిణి పరిశోధకురాలికి కాల్చిసిన్, ఇథిడియం బ్రోమైడ్ లాంటి హానికర రసాయనాలు ముట్టుకోని పని ఇవ్వాలి. ‘ఇంటికెళ్ళి డెలివరీ అయ్యాక రా’ అనడం పరిష్కారం కాదు. ఫెలోషిప్ గడువు ఆ మేరకు పెంచాలి. పీహెచ్‌డీలో ఏ గైడ్ దగ్గర ఎవరికి సీటు ఎలా వచ్చిందో నోటీసు బోర్డు మీద పెట్టండి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు గైడ్ కోసం గుమ్మం గుమ్మం తిరగడం నేను చూశాను. ఈ సంగతి ఇంకా పొడిగించను, మీకు నాకంటే బాగా తెలుసు.

‘శాస్త్రానికి కులం, భాష, ఆడామగా ఏమిటి? పేర్లు, పద్ధతులు స్థిరంగా ఉండాలి’ అని పెద్దలు కొందరు అంటారు. పేర్ల స్థిరత్వం మీద అందరికంటే పట్టుదల ఉన్నది మొక్కల పేర్ల నియమాలు తేల్చే అంతర్జాతీయ నామకరణ సభకే. ఆ సభే 2024 జులైలో మాడ్రిడ్‌లో ఓటింగ్ పెట్టి, దక్షిణాఫ్రికా నల్లజాతివారిని అవమానించే మాట నుంచి వచ్చిన ‘కాఫ్రా’ (caffra) అన్న మాటని మొక్కల పేర్లలో ‘ఆఫ్రా’ (affra)గా మార్చింది. 200కు పైగా పేర్లు మారాయి. మన బాదిత చెట్టు ప్రజాతిలోని ఎరిత్రినా కాఫ్రా ఇప్పుడు ఎరిత్రినా ఆఫ్రా. ఒక్క అక్షరం తీసేశారు. వర్గీకరణ శాస్త్రం కూలిపోలేదు.

వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ గారి ఫోటో మీ విభాగాల్లో చాలా చోట్ల ఉంది. మలబారు తీరంలో వెనుకబడినదిగా చూసిన కులంలో పుట్టి, మిషిగన్‌లో డాక్టరేట్ చేసి, కోయంబత్తూరులో చెరకు సంకరాలు చేసి, ఇంగ్లండ్‌లో 1945లో డార్లింగ్టన్ అనే శాస్త్రవేత్తతో కలిసి సాగుమొక్కల క్రోమోజోముల అట్లాస్ వేసి, నెహ్రూ పిలిస్తే వచ్చి బొటానికల్ సర్వేని సరిదిద్దడానికి పూనుకున్న మనిషి. ఆవిడ జయంతి నాడు దండ వేస్తున్నాం. ఆ ఫోటో కిందే కూర్చుని అమ్మాయికి ఫీల్డ్ పర్మిషన్ వద్దంటున్నాం.

మా కాలేజీలో ఈ జులై నుంచి కొత్త లేబుల్ వాడుతున్నాం. ఇప్పటికి 31 షీట్లు అయ్యాయి. ‘చూపించినవారు’ గీత మీద మేకలు కాసే ఒక అవ్వ, పసరు వైద్యం చేసే ఒకాయన, మా కాలేజీ తోటమాలి, ఇద్దరు విద్యార్థుల అమ్మమ్మలు ఉన్నారు. అందరినీ అడిగే రాశాం. ఒకావిడ పేరు వద్దు, ఊరు పేరు రాయమంది, అలాగే రాశాం. లేబుల్ నమూనా కావాలన్న విభాగానికి పంపుతాను.

1999 నాటి షీటు మీద కూడా ఆ గీత గీశాను. అది ఖాళీగా ఉంది. డిసెంబరు సెలవుల్లో ఆ షీటు ఫోటో పట్టుకుని ఆ పెద్దాయన ఉండే పెంటకి, అంటే చెంచు గూడేనికి, వెళ్తున్నాను. ఆయన ఉన్నారో లేరో తెలియదు. ఆ ఏడాది వానాకాలంలో ఇద్దరు బోటనీ వాళ్ళని అడవిలోకి తీసుకెళ్ళింది ఎవరో అక్కడ ఎవరికైనా గుర్తుండొచ్చు. ఆ తీగ పేరు కూడా మళ్ళీ అడిగి, ఈసారి తెలుగులో రాసుకొస్తాను.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్ర అధ్యాపకురాలు